250 మంది యూజర్లు కూడా లేని వేరబుల్: కాకాపో చిలుక వీపు మీద నడుస్తున్న టెక్ కథ

ఇప్పటిదాకా ఇక్కడ నేను స్మార్ట్‌వాచ్‌లు, ఫిట్‌నెస్ బ్యాండ్లు, బ్లూటూత్ ట్రాకర్లు చాలానే రివ్యూ చేశాను. ఈసారి మాత్రం రివ్యూ యూనిట్ నా చేతిలో లేదు, వచ్చే ఛాన్స్ కూడా లేదు. ఇది ఇండియాలో లాంచ్ అవదు. పండగ సేల్‌లో రేటు తగ్గదు. ప్రపంచం మొత్తం మీద దీన్ని ఒంటికి తగిలించుకుని తిరిగేవాళ్లు 250 మంది కూడా ఉండరు. వాళ్లంతా న్యూజీలాండ్‌లోనే ఉంటారు, పగలు పడుకుని రాత్రి లేస్తారు, ఆకుపచ్చగా ఉంటారు, ఎగరలేరు.

వాళ్లలో ఒకడిని మీరు ఆల్రెడీ చూసే ఉంటారు. ఆఫీస్ చాట్‌లో బిల్డ్ పాస్ అయినా, శుక్రవారం సాయంత్రం ఎవరైనా రిలీజ్ పూర్తి చేసినా, రంగులు మారుతూ తల తిప్పుతూ ఒక చిలుక వస్తుంది కదా, పార్టీ ప్యారట్. మా టీమ్‌లో దాన్ని రోజుకి యాభైసార్లైనా వాడతాం. అది ఎవరో ఊరికే గీసిన కార్టూన్ అనుకున్నాను చాలాకాలం. కాదు. దాని వెనక నిజంగా ఒక పక్షి ఉంది. పేరు సిరోకో. జాతి కాకాపో.

ఒక రాత్రి ఆన్‌కాల్ డ్యూటీలో ఖాళీగా కూర్చుని ఈ సిరోకో గురించి చదవడం మొదలుపెట్టాను. తెల్లారేసరికి నేను చదువుతున్నది పక్షి గురించి కాదు, ఒక ఐఓటీ సిస్టమ్ ఆర్కిటెక్చర్ గురించి. అందుకే ఈ సైట్‌లో రాస్తున్నాను. ఎడిటర్‌కి చెప్తే "చిలుక మీద రివ్యూనా?" అన్నారు. అవును, చిలుక మీదే.

ముందు పేరు సంగతి. మావోరీ భాషలో 'కాకా' అంటే చిలుక, 'పో' అంటే రాత్రి. రాత్రి చిలుక అన్నమాట. మన తెలంగాణలో వింటే మాత్రం ఎవరో బాబాయ్‌ని "కాకా, పో" అని తరిమేస్తున్నట్టుంటుంది. నిజానికి ఆ జాతికి జరిగింది కూడా దాదాపు అదే.

స్పెక్స్ ఏంటి?

ప్రపంచంలో అన్నిటికన్నా బరువైన చిలుక ఇదే. పెద్ద మగపక్షి రెండు కేజీలకు పైనే ఉంటుంది, బాగా తిన్నది నాలుగు కేజీల దగ్గరకు కూడా వెళ్తుంది. చిలుకల్లో ఎగరలేనిది ఇదొక్కటే. రెక్కలున్నాయి కానీ చెట్టు మీంచి కిందకు దూకేటప్పుడు బ్యాలెన్స్ కోసం చాపడానికే పనికొస్తాయి. నడక మాత్రం గట్టిది. చెట్లు ఎక్కడంలో ఎక్స్‌పర్ట్. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఒంటి నుంచి కొంచెం తియ్యగా, పాత పెట్టె తెరిచినట్టు ఒక వాసన వస్తుందట. ఆయుష్షు దశాబ్దాల లెక్కలో ఉంటుంది, అరవై ఏళ్లు దాటి బతకగలవని అంచనా.

జత కట్టే పద్ధతి ఇంకా విచిత్రం. మగవి కొండల మీద నేలలో గిన్నెలాంటి గుంటలు తవ్వుకుని, అందులో కూర్చుని, ఛాతీలోని గాలితిత్తుల్ని ఉబ్బించుకుని 'బూమ్' అని మోగిస్తాయి. సబ్‌వూఫర్ లాంటి లో ఫ్రీక్వెన్సీ శబ్దం అది, కొన్ని కిలోమీటర్ల దూరం వినపడుతుంది. రాత్రికి ఏడెనిమిది గంటలు, అలా రెండు మూడు నెలలు. ఆడవి ఆ శబ్దం విని నడుచుకుంటూ వచ్చి, నచ్చినవాణ్ని ఎంచుకుని వెళ్లిపోతాయి. ఆ తర్వాత గుడ్లు పెట్టడం, పొదగడం, పిల్లల్ని పెంచడం అన్నీ తల్లే. తండ్రికి పిల్లలున్నారన్న సంగతి కూడా తెలీదు.

ఇదంతా ఏటా జరుగుతుందా అంటే లేదు. రీము అనే చెట్టు విపరీతంగా కాయలు కాసిన ఏడాదే ఇవి పిల్లల్ని కంటాయి. అది రెండు నుంచి నాలుగేళ్లకోసారి. మధ్యలో ఎంత బతిమాలినా లాభం లేదు. మన భాషలో చెప్పాలంటే, రిలీజ్ సైకిల్ చెట్టు చేతిలో ఉంది.

ఇంతకీ ఇలాంటి పక్షి ఎలా బతికింది? న్యూజీలాండ్‌లో గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే క్షీరదాలే ఉండేవి కావు. శత్రువులంటే ఆకాశం నుంచి కళ్లతో వెతికే గద్దలు, డేగలు. వాటికి కనపడకుండా ఉండాలంటే కదలకుండా ఆకుల్లో ఆకులా నిలబడిపోతే చాలు. కాకాపో సెక్యూరిటీ మోడల్ మొత్తం అంతే. తర్వాత మనుషులు వచ్చారు. మొదట మావోరీలతో ఎలుకలు, కుక్కలు. ఆ తర్వాత యూరోపియన్లతో పిల్లులు, ఇంకా రకరకాల ఎలుకలు, స్టోట్ అనే ముంగిసలాంటి జంతువు. వీటికి కళ్లతో పనిలేదు, వాసన చాలు. పైగా కాకాపోకి ఘాటైన వాసన. శత్రువు వస్తే కదలకుండా నిలబడే పక్షిని పట్టుకోవడానికి పిల్లికి ఎంతసేపు పడుతుంది?

మొదటి బ్యాకప్ ఫెయిలైంది

1894లో రిచర్డ్ హెన్రీ అనే ఆయన్ని న్యూజీలాండ్ ప్రభుత్వం రెజల్యూషన్ దీవికి కేర్‌టేకర్‌గా పంపింది. ఆయన ప్రధాన భూభాగం నుంచి వందల కొద్దీ కాకాపోల్ని, కివీల్ని పడవలో మోసుకెళ్లి ఆ దీవిలో వదిలాడు. మెయిన్ సర్వర్ పోయేలా ఉంది, డేటా వేరే చోటికి మార్చుదాం అన్న ఆలోచన. చాలా కరెక్ట్ ఆలోచన, అప్పటికి చాలా ముందున్న ఆలోచన. కానీ 1900లో ఆ దీవి మీద స్టోట్ కనిపించింది. సముద్రం ఈదుకుంటూ వచ్చేసింది. ఆయన ఏళ్ల కష్టం అక్కడితో పోయింది.

1970ల్లో ఫియర్డ్‌లాండ్ కొండల్లో వెతికితే 18 పక్షులు దొరికాయి. అన్నీ మగవే. అంటే జాతి ఉన్నట్టే ఉంది కానీ కథ అయిపోయింది. అలాంటి టైమ్‌లో 1977లో దక్షిణాన ఉన్న స్టీవర్ట్ దీవిలో ఇంకో గుంపు బయటపడింది. 1980లో అక్కడ ఆడపక్షులు కూడా ఉన్నాయని తేలింది. హమ్మయ్య అనుకునేలోపే అక్కడి పిల్లులు వాటిని వరసపెట్టి చంపేస్తున్నాయని అర్థమైంది. దాంతో దొరికినవాటిని దొరికినట్టు పట్టి, పిల్లులూ స్టోట్లూ లేని చిన్న దీవులకు తరలించారు.

1995 నాటికి మిగిలినవి 51.

యాభై ఒకటి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు.

ఇక అసలు గాడ్జెట్

ప్రతి కాకాపో వీపు మీద బ్యాక్‌ప్యాక్‌లా ఒక రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. రెక్కల కిందుగా పట్టీలతో కడతారు. వీహెచ్ఎఫ్ రేడియో, అంటే సెల్ టవర్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. బ్యాటరీ ఏడాదికి తగ్గకుండా రావాలి. ఏడాదికోసారి రేంజర్ అడవిలో పక్షిని వెతికి చేత్తో పట్టుకుని, బరువు చూసి, ఆరోగ్యం చూసి, పాత డివైస్ తీసి కొత్తది పెడతాడు. ఓటీఏ అప్‌డేట్ లాంటివి మర్చిపోండి. ఒక్కో అప్‌డేట్‌కీ ఒక మనిషి బురదలో కొండ ఎక్కాలి.

మొదట్లో ఇది కేవలం 'నేను ఇక్కడున్నా' అని బీప్ కొట్టే పరికరం. తర్వాత దాంట్లో మోషన్ సెన్సింగ్ వచ్చింది. పక్షి ఎంతసేపు కదిలింది, ఎంతసేపు కూర్చుంది అన్నది లెక్కపెట్టి, ఆ సమాచారాన్ని బీప్‌ల మధ్య గ్యాపుల్లో కోడ్ చేసి పంపుతుంది. దాదాపు మోర్స్ కోడ్ పద్ధతి. బ్యాండ్‌విడ్త్ లేనప్పుడు ఇంతకన్నా మంచి ప్రొటోకాల్ ఏముంటుంది చెప్పండి. ఆడపక్షి కదలికలు ఒక్కసారిగా తగ్గితే అది గూట్లో కూర్చుందని, అంటే గుడ్లు పెట్టిందని అర్థం. పక్షి అసలు కదలకపోతే బీప్ మారిపోతుంది. ఆ బీప్ ఏ రేంజరూ వినాలనుకోడు.

నాకు బాగా నచ్చిన ఫీచర్ ఇంకోటుంది. దాని పేరు చెక్‌మేట్. జత కట్టే సీజన్‌లో మగపక్షి మీదున్న ట్రాన్స్‌మిటర్, దగ్గరికొచ్చిన ఆడపక్షి ఐడీని గుర్తిస్తుంది. కదలికల్ని బట్టి జత కట్టాయా లేదా, ఎంతసేపు అన్నది కూడా అంచనా వేసి దాచుకుంటుంది. ఏ పక్షి ఏ పక్షితో, ఏ రాత్రి అన్న లాగ్ పొద్దున్నే రేంజర్లకు దొరుకుతుంది. ప్రైవసీ పాలసీ ఉందా అని అడక్కండి. కానీ మొత్తం జాతిలో వందల్లోనే ప్రాణులున్నప్పుడు, బంధువుల మధ్య సంతానం రాకుండా చూడాలంటే ఈ లాగ్ కావాల్సిందే.

దీవులు చిన్నవే అయినా కొండలు, లోయలు. సిగ్నల్ అందదు. దానికో పరిష్కారం స్కై రేంజర్: చిన్న విమానంలో రిసీవర్ పెట్టి దీవి మీదుగా ఎగిరితే, కింద ఉన్న పక్షుల డేటా అంతా అందుకుంటుంది. కాలినడకన రోజుల తరబడి తిరగాల్సిన పని ఒక్క ట్రిప్‌లో అయిపోతుంది. అడవిలో గూళ్ల దగ్గర, తిండి డబ్బాల దగ్గర 'స్నార్క్' అనే లాగర్లు ఉంటాయి. ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అన్నది అవి రాసుకుంటాయి.

ఇవన్నీ రాకముందు ఏం చేసేవాళ్లో తెలుసా? గూటి దగ్గర టెంట్ వేసుకుని వాలంటీర్లు రాత్రంతా మేలుకునేవాళ్లు. గూటి ముందు ఇన్ఫ్రారెడ్ కిరణం, దానికి వైర్ కట్టి టెంట్‌లో డోర్‌బెల్. తల్లి తిండికోసం బయటికెళ్తే కిరణం తెగి బెల్ మోగుతుంది. వెంటనే లేచి వెళ్లి, గుడ్లు చల్లారిపోకుండా చిన్న ఎలక్ట్రిక్ దుప్పటి కప్పి రావాలి. తల్లి తిరిగొచ్చేలోపు తీసేయాలి. నేను ఆన్‌కాల్‌లో రాత్రి రెండింటికి అలర్ట్ వస్తే విసుక్కునేవాణ్ని. ఇది చదివాక కొంచెం సిగ్గేసింది.

ప్రొడక్షన్‌లో దొరికిన బగ్

ఇంజనీర్లకి ఈ కథలో అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పిల్లలు పుట్టాలంటే తల్లులు బలంగా ఉండాలి కదా అని దీవుల్లో అదనపు తిండి పెట్టడం మొదలుపెట్టారు. పక్షులు బాగా తిన్నాయి, బరువు పెరిగాయి. బాగానే ఉంది అనుకున్నారు. కొన్ని సీజన్ల తర్వాత లెక్క చూస్తే తేడా కొట్టింది. పుట్టిన పిల్లల్లో మగవే ఎక్కువ. ఒక మగపక్షి ఎన్ని ఆడపక్షులతోనైనా జత కట్టగలదు, జాతి పెరగాలంటే కావాల్సింది ఆడపిల్లలు. లాభం కోసం చేసిన పని అసలుకే ఎసరు పెట్టింది.

కారణం ఎవల్యూషన్ సిద్ధాంతంలో ముందునుంచీ ఉన్నదే. బలంగా ఉన్న తల్లికి మగపిల్లాడు పుడితే, వాడు బాగా బలిసి, గట్టిగా బూమ్ చేసి, చాలామంది ఆడవాటిని ఆకర్షించి బోలెడంత సంతానం ఇస్తాడు. అంటే తల్లి జీన్స్‌కి అది జాక్‌పాట్. బలహీనమైన తల్లికి ఆడపిల్లే సేఫ్ పెట్టుబడి. ప్రకృతి ఈ లాజిక్‌ని ఎప్పుడో హార్డ్‌కోడ్ చేసి పెట్టింది. మనం ఇన్‌పుట్ మార్చాం, అది దాని పని అది కరెక్ట్‌గానే చేసింది.

ఫిక్స్ ఎలా చేశారంటే, తిండి పూర్తిగా ఆపలేదు. 2002 సీజన్‌కు ముందు ఒక్కో ఆడపక్షి బరువునీ విడివిడిగా చూస్తూ, దాన్నిబట్టే రేషన్ ఇచ్చారు. గుడ్లు పెట్టేముందు మరీ బరువెక్కకుండా చూసి, పిల్లలు వచ్చాక పెంచుకోవడానికి తిండి పెంచారు. ఆ సీజన్‌లో 24 పిల్లలు బతికాయి, అందులో 15 ఆడవి. 62గా ఉన్న జాతి ఒక్కసారిగా 86 అయింది.

తర్వాత ఇదే పనిని డబ్బాలకు అప్పగించారు. స్మార్ట్ ఫీడర్ పక్షి ట్రాన్స్‌మిటర్‌ని గుర్తుపట్టి, తన కోటా ఉన్న పక్షికి మాత్రమే మూత తెరుస్తుంది. బరువు కూడా చూస్తుంది. మా ఆఫీస్ క్యాంటీన్‌లో నాకు ఇలాంటిది పెడితే బాగుండు అనిపించింది, తర్వాత వద్దులే అనిపించింది.

2019: అన్నీ ఒకేసారి

2019లో రీము చెట్లు విరగకాశాయి. సుమారు 250 గుడ్లు. అప్పటిదాకా చరిత్రలో లేని సీజన్. మొదటి విడత గుడ్లు తీసి ఇంక్యుబేటర్లలో పెడితే, చాలా తల్లులు రెండో విడత పెట్టాయి. గుడ్డు తీసేసిన గూట్లో తల్లి ఖాళీగా కూర్చోదు కదా, అందుకని నకిలీ గుడ్లు పెట్టారు. వాటిలో కొన్ని త్రీడీ ప్రింటింగ్‌లో చేసిన స్మార్ట్ గుడ్లు. పిల్ల బయటికొచ్చే ముందు గుడ్డులోంచి వినిపించే శబ్దాలు ఇవి కూడా చేస్తాయి. ఆ చప్పుడు విని తల్లి సిద్ధమవుతుంది, తర్వాత అసలు పిల్లని తెచ్చి పెడితే తనదేనని చేర్చుకుంటుంది. బ్లూటూత్ స్పీకర్ల మీద నేను రాసిన రివ్యూలన్నీ కలిపినా ఈ ఒక్క స్పీకర్‌కున్నంత పని వాటిలో దేనికీ లేదు.

ఫలించని గుడ్లు ఈ జాతికి పెద్ద శాపం, అందుకే కృత్రిమ గర్భధారణ కూడా చేస్తారు. మగపక్షి ఒక కొండ మీద, ఆడపక్షి ఇంకో కొండ అవతల. శాంపిల్ ఎక్కువసేపు ఆగదు. నడిచి వెళ్లేలోపు టైమ్ అయిపోతుంది. కాబట్టి 2019లో డ్రోన్‌తో పంపారు. డ్రోన్ డెలివరీ అంటే మనకు బిర్యానీ, మందులు గుర్తొస్తాయి. ఇది మాత్రం నా లిస్టులో లేదు.

మొత్తానికి 70కి పైగా పిల్లలు పెద్దవయ్యాయి. అయితే అదే ఏడాది పక్షులకు ఆస్పర్‌జిల్లోసిస్ అనే ఫంగస్ ఊపిరితిత్తుల జబ్బు అంటుకుంది. 21 పక్షులకు సోకితే తొమ్మిది చనిపోయాయి. హెలికాప్టర్లలో ఆస్పత్రులకు తీసుకెళ్లి, సీటీ స్కాన్లు తీసి, నెలల తరబడి మందులిచ్చారు. ట్రాన్స్‌మిటర్ ఈ జబ్బుని పట్టుకోలేదు. పక్షి తిరుగుతూనే ఉంటుంది, డేటా పచ్చగానే కనపడుతుంది, లోపల ఊపిరితిత్తులు పాడైపోతుంటాయి. డ్యాష్‌బోర్డ్ అంతా గ్రీన్‌గా ఉండి సిస్టమ్ కుప్పకూలడం మనలో చాలామందికి అనుభవమే.

రిపేర్ కథలు ఇష్టపడేవాళ్లకు ఇంకొకటి. 2014లో లిసా అనే తల్లి కింద గుడ్డు నలిగి పగిలింది. రేంజర్లు దాన్ని జిగురు, టేపుతో అతికించారు. అతుకు నిలిచింది, పిల్ల బయటికొచ్చింది. ఫెవిక్విక్‌తో ఫోన్ బ్యాక్ ప్యానెల్ అతికించిన వాళ్లందరి తరఫునా ఆ రేంజర్లకు నమస్కారం.

మొత్తం జాతికి బ్యాకప్

మన దగ్గర మనుషుల జీనోమ్‌లే అందరివీ సీక్వెన్స్ అవలేదు. కాకాపోల విషయంలో అప్పటికి బతికున్న దాదాపు ప్రతి పక్షి జీనోమ్‌నీ చదివేశారు. కాకాపో125 అని ప్రాజెక్ట్ పేరు. మొదలుపెట్టేటప్పుడు బతికున్నవి 125, అందుకే ఆ పేరు. కొంత డబ్బు క్రౌడ్‌ఫండింగ్‌లో వచ్చింది, అంటే మామూలు జనం వేసుకున్న చందాలు. 169 పక్షుల జీనోమ్‌ల విశ్లేషణ 2023లో వచ్చింది. అందులో వేరియంట్లు పట్టుకోవడానికి గూగుల్ తయారుచేసిన డీప్‌వేరియంట్ వాడారు. ఇది డీప్ లర్నింగ్ టూల్, ఓపెన్ సోర్స్. గిట్‌హబ్‌లో ఉంది, మీరూ వాడుకోవచ్చు.

దీనికన్నా ముందు 2021లో వచ్చిన ఇంకో పరిశోధన నన్ను కాసేపు ఆలోచనలో పడేసింది. స్టీవర్ట్ దీవి పక్షులు సుమారు పదివేల ఏళ్లుగా చిన్న గుంపుగా విడిగా బతికాయి. దగ్గరి బంధువుల మధ్యే సంతానం. కాబట్టి చెడు మ్యుటేషన్లు పేరుకుపోయి ఉంటాయనుకుంటాం. చూస్తే ప్రధాన భూభాగంలో ఒకప్పుడున్న పెద్ద జనాభా కన్నా వీటిలోనే హానికరమైన మ్యుటేషన్లు తక్కువ. వేల ఏళ్లలో అవి నెమ్మదిగా వడపోసుకుపోయాయి. అలాగని అంతా బాగుందని కాదు. ఈ పక్షుల్లో వైవిధ్యం తక్కువ, ఒక్క జబ్బు అందరినీ ఒకేలా కొట్టే ప్రమాదం అలాగే ఉంది.

అందుకే ఒక్క పక్షి విలువ ఇక్కడ వేరు. ఫియర్డ్‌లాండ్ నుంచి చివరికి మిగిలిన మగపక్షికి ఆ పాత కేర్‌టేకర్ పేరే పెట్టారు, రిచర్డ్ హెన్రీ అని. 1975లో దొరికింది. 1998లో ఫ్లాసీ అనే స్టీవర్ట్ దీవి ఆడపక్షితో కలిసి మూడు పిల్లల్ని కన్నాడు: గలివర్, సింద్‌బాద్, కుయా. రిచర్డ్ హెన్రీ 2010లో చనిపోయాడు. ప్రధాన భూభాగపు జీన్స్ ఇప్పుడు ఆ మూడింటి ద్వారానే మిగిలాయి. బ్యాకప్ అంటే ఎంత సన్నని దారమో చూడండి.

ఇప్పుడు స్టేటస్ ఏంటి?

ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో కాకాపో 'క్రిటికల్లీ ఎండేంజర్డ్'. అంటే అడవిలో అంతరించిపోవడానికి ఒక్క మెట్టు ముందు. 2022 సీజన్ తర్వాత సంఖ్య 252కి చేరింది. తర్వాత మూడేళ్లు పిల్లలు లేవు, ముసలివి కొన్ని పోయాయి. 2026 జనవరిలో కొత్త సీజన్ మొదలయ్యేసరికి 236. అందులో పిల్లల్ని కనే వయసున్న ఆడవి 83.

ఇప్పుడున్న పెద్ద సమస్య స్టోరేజ్. నవ్వకండి, నిజమే. పిల్లులు, ఎలుకలు, స్టోట్లు లేని దీవులు కొన్నే: వెనువా హోవు, యాంకర్ దీవి, ఇంకా ఒకటి రెండు. అవి నిండిపోతున్నాయి. అందుకని 2023లో, దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత, కొన్ని మగపక్షుల్ని ప్రధాన భూభాగంలోని మౌంగాటౌటారి అభయారణ్యానికి తీసుకొచ్చారు. 3,400 హెక్టార్ల కొండ, చుట్టూ 47 కిలోమీటర్ల కంచె. ఎలుక కూడా దూరలేని కంచె. సెక్యూరిటీ పక్కా.

పక్షి చెట్లు ఎక్కుతుందని గుర్తుపెట్టుకోమన్నాను కదా? కొన్ని కాకాపోలు చెట్లెక్కి కంచె దాటేశాయి. బయటినుంచి లోపలికి రాకుండా కట్టిన ఫైర్‌వాల్‌ని లోపలున్న యూజరే దాటేశాడన్నమాట. ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ పట్టుకుని వెళ్లి వెనక్కి తేవాల్సి వచ్చింది.

మన దగ్గర ఇలాంటి పక్షి లేదా అంటే ఉంది. కడప జిల్లా లంకమల అడవుల్లో కలివికోడి. అంతరించిపోయిందనుకున్నాక 1986లో మళ్లీ కనిపించింది. ఇదీ రాత్రిపూట తిరిగేదే, ఇదీ క్రిటికల్లీ ఎండేంజర్డే. తేడా ఏంటంటే, అక్కడ ఒక్కో పక్షికి పేరు, బరువు, జీనోమ్ ఉన్నాయి. ఇక్కడ ఒక్కసారి దాని అరుపు వినపడితే పేపర్లో వార్త.

ఇప్పుడు నా సంగతి. కాలేజీ అయ్యాక నేను మొదట చేరింది ఒక చిన్న వేరబుల్ కంపెనీలో, ఫర్మ్‌వేర్ టీమ్‌లో. పెద్దవాళ్ల కోసం ఫాల్ డిటెక్షన్ బ్యాండ్ చేశాం. మా అమ్మమ్మకి కూడా ఒకటి తెచ్చి పెట్టాను. మా ఊళ్లో అందరికీ చూపించుకుని మురిసిపోయింది. ఏడాదిన్నర తిరక్కుండానే కంపెనీ ఆ ప్రొడక్ట్ ఆపేసింది. సర్వర్ ఆగింది, యాప్ ఆగింది. బ్యాండ్ టైమ్ కూడా చూపించడం మానేసింది. అమ్మమ్మ అది తీయలేదు, "చార్జింగ్ అయిపోయిందేమో నాన్నా, చూడు" అని ఆర్నెల్లు అడిగింది. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఆ కోడ్‌లో కొంత నేను రాసిందే.

అందుకే సిరోకో కథలో ఒక ముక్క నాకు బాగా తగిలింది. 1997లో పుట్టాడు, చిన్నప్పుడు శ్వాస జబ్బు చేస్తే మనుషులే పెంచారు. దాంతో తాను మనిషినే అనుకున్నాడు. 2009లో బీబీసీ షూటింగ్‌లో మార్క్ కార్వర్డీన్ తల మీదెక్కి జత కట్టబోయాడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది, ఆ మరుసటేడే న్యూజీలాండ్ ప్రభుత్వం వాణ్ని అధికారిక ప్రచారకర్తని చేసింది. అలాంటి సెలబ్రిటీ ట్రాన్స్‌మిటర్ 2016లో ఫెయిలైంది. సిగ్నల్ లేదు. ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలీదు. రాత్రిపూట తిరిగే ఆకుపచ్చ పక్షిని అడవిలో బీప్ లేకుండా వెతకడమంటే మాటలు కాదు. కానీ ఎవరూ టికెట్ క్లోజ్ చేయలేదు. రెండేళ్ల తర్వాత, 2018లో, దొరికాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. కొత్త ట్రాన్స్‌మిటర్ పెట్టారు.

నిజానికి రేంజర్లు కోరుకుంటున్నది ఈ గాడ్జెట్లన్నీ తగ్గిపోవాలనే. 2026 సీజన్‌లో ఎక్కువ గుడ్లని ఇంక్యుబేటర్లకు తీసుకెళ్లకుండా గూళ్లలోనే వదిలేయాలని, తల్లుల్ని వాటి పని అవి చేసుకోనివ్వాలని నిర్ణయించుకున్నారు. తన వేరబుల్ ఎవరూ పెట్టుకోని రోజు రావాలని పనిచేసే టీమ్‌ని నేనింకెక్కడా చూడలేదు.

ఆ సీజన్‌లోనే వెనువా హోవు దీవిలో రాకియురా అనే తల్లి గూటి నుంచి లైవ్ స్ట్రీమ్ పెట్టారు. ఇన్ఫ్రారెడ్ కెమెరా, బ్లాక్ అండ్ వైట్, ఎక్కువసేపు ఏమీ జరగదు. అక్కడి టైమ్ మనకన్నా ఏడున్నర గంటలు ముందు కాబట్టి, మనకు మధ్యాహ్నం రెండున్నర అయితే అక్కడ రాత్రి పది, పక్షికి అసలు రోజు మొదలయ్యే టైమ్. లంచ్ చేసొచ్చి రెండో మానిటర్‌లో అది తెరిచి పెట్టుకునేవాణ్ని. పక్కసీటు వాడు వచ్చి "ఏంటది, సీసీ కెమెరానా?" అన్నాడు. రోజూ చాట్‌లో నువ్వు వాడే చిలుక బంధువు అని చెప్పాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రాకియురా ఒకసారి లేచి, గుడ్లని ముక్కుతో సర్ది, మళ్లీ వాటి మీద కూర్చుంది.